ఖల్లికోటలో మా నేస్తం ఇంటికి

మార్గశిరంలో ఒక మంగళవారం పొద్దున్న నేను ఖల్లికోట బయల్దేరాను. బరంపురం నుంచి రైల్లో రెండు గంటల దారి. ఆ రెండు గంటల దారికి నేను మూడు వారాలు ఆలోచించాను. ఎందుకో ముందే చెప్పేస్తాను. లేకపోతే ఎక్కిన రైలేమిటో, దిగిన స్టేషనేమిటో తెలుస్తుంది గాని, వెళ్లిన పనేమిటో మీకు తెలియదు.

మాది ఒడిశా బరంపురంలో గోసాని నువాగాం పేట. మా ఆయన రైల్వేలో కీమాను. భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడిచీ నడిచీ, పెన్షను మొదలైన రెండో ఏడు పోయాడు. నాలుగేళ్లయింది. ఒక్కడే కొడుకు, సింహాద్రి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేస్తాడు.

నాకు ఒక నేస్తం ఉంది. నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. మా వైపు నేస్తం కడతారు. మాకు తొమ్మిదేళ్లప్పుడు, ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఠాకురాణి జాత్రలో మా అమ్మలు మమ్మల్ని అమ్మవారి ముందు నిలబెట్టి, నా ఒడిలో మరమరాలు దాని ఒడిలో పోయించారు, దాని ఒడిలోవి నా ఒడిలో పోయించారు. కట్టడం అంతే. కట్టాక మాత్రం చాలా ఉంది. తగువు పడకూడదు. ఒకరింట్లో చావు వస్తే రెండోవారికీ మైల. ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు, చచ్చేదాకా "నేస్తం" అనే పిలుచుకోవాలి. ఇద్దరి పిల్లలూ అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. ఒడియావాళ్లూ ఇలాగే కట్టుకుంటారు, సంగాత్ అంటారు.

అది పెళ్లయి ఖల్లికోట వెళ్లింది. దానికి ఒక కూతురు, జమున. రెండేళ్ల క్రితం జమునకి బరంపురంలో బట్టల కొట్లో ఉద్యోగం దొరికింది. హాస్టల్లో తిండి బాగులేదంటే ఆదివారం ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. నేనే రమ్మన్నాను. నేనే సింహాద్రి పక్కన పీట వేసి అన్నం పెట్టాను. నేనే స్కూటరు మీద ఇద్దర్నీ బజారుకి పంపాను. మా వీధి ఆడవాళ్లు ఒకరిద్దరు మూతి తిప్పితే, వాళ్లు అన్నాచెల్లెళ్లు, మీకు బుద్ధి లేదా అని కేకలేశాను. వేరే ఎవరి పిల్లయినా అయితే కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూసేదాన్ని. నేస్తం కూతురు కాబట్టి కాపలా పెట్టుకోలేదు.

ఒక ఆదివారం జమున వెళ్లిపోయాక సింహాద్రి నా ఎదురుగా కూర్చుని, "అమ్మా, సేసుకుంతే జమునని సేసుకుంతాను. నేకపోతే ఒద్దు" అన్నాడు. నా చేతిలో గరిటె ఉంది. మామూలుగా అయితే విసిరేదాన్ని. ఆ రోజు కడిగి బోర్లించాను. అంత భయం వేసింది.

పిల్లల్ని విడదీయాలి, లేదా నేస్తం విప్పాలి. మూడో దారి లేదు. నేస్తం కట్టినవాళ్లని వందమందిని చూశాను, విప్పినవాళ్లని ఒక్కరినీ చూడలేదు. కాబట్టి పిల్లల్నే విడదీయాలని, జమునని ఉద్యోగం మాన్పించి ఇంటికి పిలిపించుకోమని చెప్పాలని నిర్ణయించుకున్నాను. రోజూ సాయంత్రం ఏడింటికి నేస్తం ఫోను చేస్తుంది. మూడు వారాలు గేదె గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడాను గాని ఈ మాట నోట్లోంచి రాలేదు. ఇక ఎదురుగా వెళ్లి చెప్పడమే మంచిదనుకున్నాను.

పొద్దున్న నాలుగున్నరకి లేచి సింహాద్రికి అన్నం వండి పెట్టాను. రెండు కట్టల బరంపురం అప్పడాలు, చిన్న సీసాలో మామిడికాయ ఊరగాయ, ఒక చీర, చదువుతున్న పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. ఎక్కడికి అని వాడు అడగలేదు. స్టేషను దాకా దింపాడు, టికెట్టు కొని చేతిలో పెట్టాడు. పదిహేను రూపాయలు. ఏడూ పదికి రావలసిన పాసింజరు ఏడూ ముప్పై అయిదుకి వచ్చింది. మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళితే కుడివైపు కిటికీ చూసుకోండి. ఎడమవైపు కొండలే, కుడివైపు చిలక సరస్సు వస్తుంది.

పుస్తకం సంగతి చెప్పాలి. నాకు మొన్న మొన్నటిదాకా చదువు రాదు. మా వీధి చివర పెన్షను పుచ్చుకుంటున్న టీచరమ్మ ఉంది, మధ్యాహ్నాలు నాలాంటి నలుగురిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఒత్తులు వచ్చిన చోట ఆగుతాను గాని చదువుతాను. ఈసారి ఆవిడ ఇచ్చింది ప్రేమ నవల. అట్ట మీద జుట్టు విరబోసుకున్న పిల్ల. నాకు మనసులో చదువుకోవడం ఇంకా రాలేదు, నోరు కదిలితేనే కన్ను కదులుతుంది. కాబట్టి నేను పుస్తకం తెరిస్తే చుట్టుపక్కల అందరూ వినాల్సి వస్తుంది.

ఛత్రపూర్‌లో ఒకావిడ రెండు ఖాళీ గంపలతో ఎక్కింది. రంభలో ఎండుచేపలు కొని తెచ్చి అమ్ముకుంటుందట. నా ఎదురుగా ఒక ముసలాయన టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే ఇద్దరూ మొదట నవ్వుకున్నారు. తరువాత వినడం మొదలుపెట్టారు. కథ ఏమిటంటే, కొండ మీద బంగళాలో ఒక పిల్ల ఉంటుంది. కింద ఊళ్లో ఒక కుర్రాడు ఉంటాడు. ఇద్దరికీ ఇష్టం. తండ్రి గేటు వేయించి, పిల్లని బయటికి పంపడు. పిల్ల కిటికీలోంచి చూస్తుంది, కుర్రాడు కిందనుంచి చూస్తాడు. నూట ఎనభై పేజీలుగా చూసుకుంటూనే ఉన్నారు.

గంజాం దగ్గర రుషికుల్య వంతెన మీద రైలు నెమ్మదించింది. గంపలావిడ ఇక పట్టలేక అడిగింది.

"ఆ గుంటకి కాళ్లు నేవేటప్పా? గేటు తీసుకుని ఎల్లిపోడానికేటి?"

ముసలాయన డబ్బా మీద చెయ్యి వేసి, "ఎల్లిపోతే పుస్తకం అయిపోద్ది గదమ్మా. ఆల్లు కొన్న కాయితాలన్నీ ఏటి సేసుకుంతారు?" అన్నాడు.

హుమ్మాలో ఉప్పు కుప్పలు ఎండకి మెరుస్తున్నాయి. పల్లీలవాడు ఎక్కితే పది రూపాయలవి కొని ముగ్గురం పంచుకున్నాం. రంభలో గంపలావిడ దిగుతూ, ఆఖరికి ఆ పిల్ల ఏమవుతుందో తనకెవరు చెబుతారని అడిగింది. నాకే తెలియదని చెప్పాను. ఆమె మొహం చూస్తే నేను అబద్ధం చెప్పాననుకున్నట్టుంది. రంభ దాటాక చిలక కనబడింది. నీళ్లు కదలకుండా, దూరంగా రెండు పడవలు. మా ఆయన ఈ దారి మొత్తం తనకి తెలుసని చెప్పేవాడు. చిలక ఎలా ఉంటుందని అడిగితే, పట్టాలు చూసేవాడికి నీళ్లు ఎలా కనబడతాయే అనేవాడు. ముప్పై మూడేళ్లు కాపురం చేశాం. అది ప్రేమా కాదా అని ఈ పుస్తకం తెరిచేదాకా నేను అనుకోలేదు. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు పదిరోజులు గంజి కాచి, ఉప్పు వేయడం పదిరోజులూ మరిచిపోయాడు. నేనూ చెప్పలేదు. పుస్తకంలో అలాంటిది ఎక్కడా లేదు.

ఖల్లికోట స్టేషన్లో దిగేసరికి తొమ్మిదిన్నర. ఊరు అక్కడ ఉండదు, ఇంకా ముందుకి వెళ్లాలి. నలుగురం ఎక్కితే గాని ఆటో కదలదు. ఆటో అబ్బాయి ఒడియావాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. ఎవరింటికి అన్నాడు. మా నేస్తం ఇంటికి అన్నాను. నేస్తం పేరేమిటి అన్నాడు. చెప్పకూడదు అన్నాను. పక్కనున్నావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆటో అబ్బాయి మాత్రం నవ్వలేదు. తనకీ ఒక సంగాత్ ఉన్నాడని, వాడి పెళ్లికి శుభలేఖ మీద పేరు రాయడానికి కూడా ఇంకొకర్ని పిలవాల్సి వచ్చిందని చెప్పాడు. మా బావ పేరు, అంటే నేస్తం మొగుడి పేరు చెబితే తిన్నగా గుమ్మం ముందు దింపాడు. ముప్పై రూపాయలు.

మా నేస్తం వాకిట్లో చేటలో కొత్త బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఓలమ్మ, ఎంత ముసిల్దానివైపోనావే నేస్తం. జుత్తు ఏ కాకెత్తుకుపోనాది?"

"నీ పళ్లెత్తుకుపోయిన కాకే" అన్నాను.

అప్పుడు లేచి, కాళ్లకి నీళ్లిచ్చి, నా సంచి లాక్కుని అప్పడాలు లెక్కపెట్టుకుంది. బావ కళ్లంలో ఉన్నాడు, వరి నూర్పు. పది గంటలకి చద్దన్నంలో గంజి పోసి, ఎండురొయ్యల పొడి, ఉల్లిపాయ పెట్టింది. కలిసి రెండేళ్లయింది, ఫోనులో చెప్పుకున్న కబుర్లే తింటూ మళ్లీ చెప్పుకున్నాం. గేదె ఈతకి దగ్గరలో ఉంది. గ్యాసు బండ ఉంది గాని దానికి కట్టెల పొయ్యి మీదే కూర రుచి. నా కుడి మోకాలు, దాని ఎడమ మోకాలు. ఇద్దరం కలిస్తే ఒక మంచి ఆడమనిషి నడక వస్తుందని అది అంది. అది ఒడియా బడిలో అయిదో తరగతి దాకా చదివింది. పక్కింటి మాస్టారు పారేసే ఒడియా వారపత్రికలో సీరియలు చదువుతుందట. ఒక వారం దొరుకుతుంది, రెండు వారాలు దొరకదు. ఒక సంచికలో పిల్లకి పెళ్లి కుదిరింది, తరువాత దొరికిన దాంట్లో ఆ పిల్ల తెల్లచీర కట్టుకుని ఉంది, మధ్యలో ఏం జరిగిందో తెలియదు అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మా పెళ్లిళ్లూ అంతే, మధ్యలో ఏం జరిగిందో మాకు మాత్రం తెలుసా.

భోజనాలయ్యాక ఇద్దరం వసారాలో కూర్చుని పెసలు బాగుచేస్తున్నాం. రెండు గంటలు అయి ఉంటుంది. నేను రైల్లో పదిసార్లు అనుకున్న మాట అక్కడ ఒక్కసారీ రాలేదు. అదే చేట పక్కన పెట్టింది.

"పండగ నేదు, పబ్బం నేదు, సీర ఒట్టుకుని ఒచ్చినావు. వొచ్చిన కాడ్నించీ గేదె కబుర్లే సెప్తన్నావు. నీ కడుపులో ఏటో ఉన్నాది. కక్కీ."

సింహాద్రి చెప్పింది చెప్పాను. నా మొహం ఎత్తలేదు. పెసల్లో రాళ్లు ఏరుతూనే చెప్పాను. అంతా విని అది మళ్లీ చేట అందుకుంది.

"నాకు తెలుసు. గుంట నెల కిందటే సెప్పీసినాది."

నెల రోజులు రోజూ ఫోను చేసి అది కూడా నాతో గేదె గురించే మాట్లాడిందన్నమాట. నాకు కోపం రావాలి, రాలేదు. నేను ఏం చేశానో అదీ అదే చేసింది.

అది జమునకి వద్దని చెప్పేసిందట. నేస్తం పిల్లలకి పెళ్లేమిటని తిట్టిందట. పిల్ల ఎదురు చెప్పలేదు. ఏడవలేదు. తిండి మానేస్తే భయపడేదాన్ని కాదు, రోజూ తింటోంది, పనికి పోతోంది, ఫోనులో అడిగినదానికి అవునూ కాదూ అంటోంది, అంతే, అదే భయంగా ఉంది అని చెప్పింది. మా వాడూ అలాగే ఉన్నాడని నేను చెప్పాను. ఈ మూడు వారాల నుంచి తిన్న కంచం తనే కడుగుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు వాడి కంచం నేను తీశాను. ఇప్పుడు చుట్టం లాగా కడిగి గోడకి చేరేస్తున్నాడు. ఆ మాట చెబుతూ పెసలు గుప్పిట్లోనే పట్టుకుని ఉండిపోయాను. అది నా చేతిలో పెసలు తీసి చేటలో పోసి, నా చెయ్యి తుడిచింది.

"అయితే ఏటి సేద్దాం?" అని అడిగింది.

పిల్లని పిలిపించేసుకో, నేను వాడికి వేరే సంబంధం చూస్తాను అన్నాను. అది తల ఊపింది. ఒప్పుకున్నట్టే ఊపింది. నేను వచ్చిన పని అయిపోయినట్టే. అయినా నాకు ఊపిరి తేలిక పడలేదు.

సాయంత్రం బావ వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. దీపాలు పెట్టే వేళకి వసారాలో బల్బు కింద బావ ఒక పక్క, నేస్తం ఒక పక్క కూర్చుంటే, నేను నవలలో మిగిలిన పేజీలు పైకి చదివాను. గంట పైన పట్టింది. బావ బీడీ వెలిగించి ఆర్పేసి మళ్లీ వెలిగించాడు. ఆఖరికి ఆ కుర్రాడు ఊరు విడిచి పోతాడు. పిల్ల బంగళాలోనే ఉండిపోతుంది. చివరి పేజీలో గేటు వేసి ఉంటుంది, తండ్రి వసారాలో పేము కుర్చీలో కూర్చుని ఉంటాడు. దాంతో పుస్తకం అయిపోయింది. అన్నం తినేటప్పుడు నేస్తం మా నిర్ణయం బావకి చెప్పింది. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "మీ ఇద్దరి మద్దెన నానెప్పుడొచ్చినాను మరదలా, ఇప్పుడు రాడానికి" అన్నాడు. ఎనిమిదింటికల్లా పడుకున్నాం.

బుధవారం పొద్దున్న అయిదున్నరకి మంచు పడుతోంది. అది గేదెకి గడ్డి వేసి, డేగిసాతో నీళ్లు కాచింది. బోరింగు పక్కన తడిక చాటున నేను పీట మీద కూర్చుంటే వీపు రుద్దింది. మా ఆయన పోయినప్పుడు కూడా ఇదే. పదకొండు రోజులు మా ఇంట్లో ఉంది. పదో రోజు వచ్చిన ఆడవాళ్లంతా నన్ను తాకడానికి జంకి దూరంగా కూర్చుంటే, ఇది నా తల విప్పి, నూనె రాసి, చిక్కు తీసి జడ వేసింది. ముత్తయిదువు అలా చేయకూడదని ఎవరో గొణిగితే, దాని మైల నాకూ మైలేనని కసిరింది.

వీపు రుద్దుతూ అడిగింది.

"ఆ తండ్రికి ఆకరికి ఏటొచ్చినాది?"

"ఏటీ రానేదు. కుర్సీలో కూకున్నాడు" అన్నాను.

అది రెండు చెంబులు నీళ్లు పోసింది.

"మనకీ ఉన్నాయి గదే కుర్సీలు" అంది.

నేను నీళ్లలో కూర్చున్నాను కాబట్టి ఏడ్చినా తెలియదు. ఆ ధైర్యంతోనే, మూడు వారాలుగా నాకు నేనే ఒప్పుకోని మాట దానికి చెప్పాను. నా భయం అమ్మవారి గురించి కాదు, ఆచారం గురించి కాదు. దీని గురించి. ఇది వియ్యపురాలైతే పెళ్లికూతురి తల్లి అవుతుంది. మా వైపు పిల్లకి బిడ్డ పుట్టేదాకా తల్లి ఆ ఇంట్లో నీళ్లు కూడా ముట్టదు. వచ్చినా గుమ్మం దగ్గర నిలబడి, వంగి మాట్లాడుతుంది. నా వంటింట్లో చతికిలబడి నా ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి కూర రుచి చూసి తిట్టే మనిషి నాకు మరి ఉండదు. మా ఆయన పోయాక రాత్రి పడుకునే ముందు నేను ఎదురుచూసేది ఏడింటికి వచ్చే దీని ఫోనే.

"వియ్యపురాలొస్తే వొస్తాది. నేస్తం పోతే నాకెవులున్నారే" అన్నాను.

అది నా నెత్తి మీద నీళ్లు గుమ్మరించింది.

"ముద్ద ముట్టకపోతే మానె. గుమ్మం అవతల పీటేసుకుని కూకుని తిట్టడానికి ఏ ఆచారం అడ్డొస్తాదే? నీ కోడలికి గుంటడో గుంటో పుట్టీసరికి, ఇన్నాళ్లదీ ఒక్క పూటే లాగీస్తాను. బియ్యం దాసుకో."

కోడలు అంది. నేను విన్నాను. అది అన్నాక కాని అదీ వినలేదనుకుంటాను.

విప్పడం ఎలాగో ఇద్దరికీ తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే విప్పినవాళ్లు ఎవరూ లేరు. మేమే ఆలోచించుకున్నాం. పేరు పలకకూడదనేది కట్టు. పలికితే విడిపోయినట్టే. నేను పొడి చీర కట్టుకుని వచ్చాక పెరట్లో తూర్పుగా నిలబడ్డాం. ఇక్కడి అమ్మవారికి తను చెప్పుకుంటానంది. బరంపురంలో ఠాకురాణికి నన్ను చెప్పుకోమంది. నువ్వు ముందు అంటే నువ్వు ముందని కాసేపు చిన్నపిల్లల్లాగే వాదించుకున్నాం. నలభై ఏడేళ్లు ఆ పేరు నోట్లో పెట్టుకుని మింగుతూనే ఉన్నాను. చిన్నప్పుడు దాని బడి పక్క నుంచి పోతుంటే హాజరు పిలుపు వినబడకుండా చెవులు మూసుకునేదాన్ని. నిజానికి ఒక్క క్షణం అసలు గుర్తు రాలేదు కూడా.

"గవరమ్మా" అన్నాను.

దాని చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. కళ్లు నేలకేసి చూస్తూ అది, "నరసమ్మా" అంది.

నా పేరు నరసమ్మ. మా అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. మా ఆయనకి నేను "ఏమే"ని, సింహాద్రికి అమ్మని, వీధికి కీమాను పెళ్లాన్ని. బట్టలు లేకుండా నిలబడ్డట్టు ఇద్దరికీ సిగ్గు వేసింది. నవ్వాం. నవ్వి, మళ్లీ ఏడ్చాం. కళ్లానికి బయల్దేరిన బావ ఆగి చూసి, గేదె దగ్గరికి వెళ్లి దాన్ని అనవసరంగా పక్కకి కట్టాడు.

ఆ తరువాత ఏమని పిలుచుకోవాలో తెలియలేదు. టీ గ్లాసు ఇస్తూ అది "వదినా" అని చూసింది. వియ్యపురాళ్లు అలాగే పిలుచుకుంటారు. నాకు పక్కింటివాళ్లెవరినో పిలిచినట్టు వినబడి వెనక్కి తిరిగి చూశాను. నేను గవరమ్మ అంటే దానికి బాంకులో పిలిచినట్టు ఉందట. చివరికి ఇద్దరం ఒకరినొకరు ఏమీ పిలవకుండానే పని కానిచ్చాం. నేను తెచ్చిన చీర దాని చేతిలో పెడితే, ఇది నేస్తం పెట్టిందా, వియ్యపురాలు పెట్టిందా అని అడిగింది. కట్టుకుని చూసుకో, ఎవరు పెట్టారో తెలుస్తుంది అన్నాను. మరునాడు మార్గశిర గురువారం, ఆ రోజు ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి ఇవ్వరు. అందుకని బుధవారమే మూట కట్టేసింది. అయిదు కిలోల కొత్త బియ్యం, ఒక గుమ్మడికాయ.

తొమ్మిదిన్నరకి ఆటోలో స్టేషనుకి తనూ వచ్చింది. బరంపురం వైపు పాసింజరు పదీ నలభైకి. ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఎండలో ఉంది. ముహూర్తం గురించి మాట్లాడదామంటే ఇద్దరికీ నోరు రాలేదు, మోకాళ్ల గురించే మాట్లాడుకున్నాం. రైలు వచ్చాక అది మూట ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, ఏడింటికి ఫోను చేస్తానంది. చెయ్యి అన్నాను. రైలు కదిలాక నా నోట్లోంచి నేస్తం అనే వచ్చింది. దానికి వినబడిందో లేదో.

వచ్చేటప్పుడు చిలక ఎడమవైపు. ఎండ ఎక్కి నీళ్లు తెల్లగా ఉన్నాయి. ఖల్లికోట వెళ్లేవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. పొద్దుటి బండికి వెళ్లండి, వెళ్లిన నాటి సాయంత్రమే తిరిగి రాకండి, ఒక రాత్రి ఉండండి. చెప్పవలసిన మాట సాయంత్రం బండికి అందదు. ప్రేమ గురించి నన్నెవరూ అడగలేదు గాని ఆ నవల చదివాక నాకు ఇలా అనిపించింది. పుస్తకంలో వాళ్లకి ప్రేమంటే ఒకరినొకరు చూసుకోవడం. నాకు తెలిసినంతలో ప్రేమంటే చిక్కు తీయడం, ఉప్పు లేని గంజి తాగడం. ఆ పిల్లలకి ఏది దొరుకుతుందో నాకు తెలియదు. వాళ్లకి దొరకడానికి మేం ఒకటి ఇచ్చుకున్నాం. ఇచ్చుకున్నందుకు బాధ లేదని చెబితే అబద్ధం. ఛత్రపూర్ వచ్చేదాకా మొహానికి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నాను.

బరంపురంలో దిగేసరికి ఒంటిగంట అయింది. సింహాద్రి భోజనం వేళ కొట్లోంచి వచ్చి స్టేషను బయట స్కూటరుతో నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు, చూసి తల తిప్పుకుని స్కూటరు స్టార్టు చేశాడు. నేను గుమ్మడికాయ సంచి వాడి చేతికి ఇచ్చాను.

"ముందరెట్టు, జాగర్త. గవరమ్మ నీకు ఒండి పెట్టమని ఇచ్చినాది" అన్నాను.

వాడు సంచి పెట్టబోతూ ఆగిపోయాడు. పుట్టిన దగ్గర్నుంచీ నా నోట ఆ పేరు వినలేదు వాడు. స్కూటరు ఆపేశాడు. గుమ్మడికాయని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు. తరువాత సంచి కాళ్ల మధ్య కుదురుగా పెట్టుకుని, నేను ఎక్కేదాకా స్కూటరు ఒరగకుండా పట్టుకున్నాడు.

"కూకో అమ్మా. నెమ్మదిగా ఎల్దాం" అన్నాడు.

గోసాని నువాగాం దాకా ఒక్కసారీ హారను కొట్టలేదు. దారికి అడ్డంగా ఆవు పడుకుంటే, అది లేచేదాకా కాలు ఆనించి ఆగాడు.